స్వాతి పేరి నావ

వైశాఖ జ్యేష్ఠ మాసములలో మబ్బు లేని యొకనాటి రాత్రి, పదిగంటలవేళ, రేడియో కట్టివేసి మేడమీదికి పోయి తలయెత్తి చూడుడు. ఉత్తరమున సప్తర్షి మండలము కనబడును. గరిటె కాడవలె వంగియున్న మూడు చుక్కల వంపును అట్లే సాగించి చూపు త్రిప్పుకొని వచ్చినచో, నడినెత్తికి దాపున కుంకుమపూవు చాయతో వెలుగు పెద్ద చుక్క యొకటి తగులును. అదియే స్వాతి.

స్వాతి యనగానే మనకు ముత్యపు చిప్పయు, అందులో పడు వాన చినుకును జ్ఞప్తికి వచ్చును. పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి దీవులవారికి మాత్రము ఈ చుక్క ఇంటి గుర్తు. వారి భాషలో దీని పేరు హోకూలేయా. సంతోషతార యని యర్థము. ఆ దీవులమీదుగా ఈ చుక్క నడినెత్తిన నడచును. దూరదేశము పోయి మరలివచ్చు నావికునకు స్వాతి తన నడినెత్తికి వచ్చిన రాత్రి, ఇంటి అక్షాంశమునకు చేరితినని తెలియును. హవాయిలోని హిలో రేవును, మన ఆదిలాబాదును ఇంచుమించు ఒకే అక్షాంశమున నున్నవి. ఆదిలాబాదులో మేడమీద పండుకొన్నవానికిని, హిలో రేవున నావలో పండుకొన్నవానికిని ఈ చుక్క రమారమి ఒకే ఎత్తున నడచి పోవుననుట మాకు తలచుకొన్నప్పుడెల్ల వింతగనే యుండును.

ఈ చుక్క పేరుతోనే హవాయివారు 1975 మార్చి 8వ తేదీన ఒక నావను నీట దించిరి. ఆ నావను గూర్చియు, దానిమీద మనుష్యులు కాపురము చేయు రీతిని గూర్చియు ఇచ్చట చెప్పదలచితిమి.

ముందుగా ఆ నావ యెందులకు కట్టవలసివచ్చినదో తెలియవలెను. పసిఫిక్ పటములో ఉత్తరమున హవాయి, నైరృతిని న్యూజిలాండు, ఆగ్నేయమున ఈస్టరు దీవి, ఈ మూడింటిని కలిపి గీత గీసినచో గొప్ప త్రికోణ మేర్పడును. అందులోని దీవులన్నిటను ఒకే జాతివారు, ఒకే భాషకు చెందిన మాటలు పలుకువారు కాపురమున్నారు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చటికి పోయిన కాప్టెన్ కుక్కు ఇది చూచి ఆశ్చర్యపడెను. ఇనుము లేదు, దిక్సూచి లేదు, వ్రాత లేదు. వేలకొలది మైళ్ళ నీటిని వీరెట్లు దాటిరి? 1947లో నార్వే దేశస్థుడు థోర్ హెయెర్డాల్ పెరూ దేశమునుండి తెప్పమీద 101 దినములు కొట్టుకొనివచ్చి, వీరి పూర్వికులు దక్షిణ అమెరికానుండి గాలివాలున వచ్చియుందురని వాదించెను. 1956లో ఆండ్రూ షార్ప్ అను మరియొకరు, తెలిసి చేసిన ప్రయాణములు కావవి, గాలివానలో దారి తప్పి కొట్టుకొనివచ్చినవారే దీవుల నెక్కిరని వ్రాసెను. తాతలు తెలిసి వచ్చిరా, తెలియక వచ్చిరా యనునది పండితులకు వాదము. ఆ తాతల మనుమలకు మాత్రము పరువు. వాదమును తీర్చుటకు ఒకే యుపాయము కలదు. పాతపద్ధతి నావ నొకటి కట్టి, ఏ యంత్రమును లేక, హవాయినుండి తాహితికి పోయి చూపవలెను. ఇందులకై 1973లో బెన్ ఫిన్నీ యను మానవశాస్త్రజ్ఞుడు, హెర్బ్ కానే యను చిత్రకారుడు, టామీ హోమ్స్ అను నావికుడు ఒక సంఘమును స్థాపించిరి.

నావ పొడవు 62 అడుగులు. అది యొక నావ కాదు, జంట. రెండు సన్నని పొడవాటి దోనెలను ప్రక్కప్రక్కన నుంచి, వానిపై అడ్డముగా దూలములు వేసి, త్రాళ్ళతో బిగించి, నడుమ పలకలు పరచి అరుగువలె చేసిరి. ఈ కట్టులకు మైళ్ళకొలది త్రాడు పట్టినది. అల వచ్చినపుడు మేకులు కొట్టిన నావ పెళుసుగా నెదురు నిలుచును. త్రాటితో కట్టిన నావ కిర్రు కిర్రుమనుచు కొంచెము కొంచెముగా నొదిగి పోవును. పైన పీత డెక్కవలె వంకరతిరిగిన రెండు తెరచాపలు. చుక్కాని చక్రము లేదు. వెనుకవైపున మనిషికి మూడింతల పొడవుగల తెడ్డును నీటిలో దింపి త్రిప్పవలెను. సముద్రము లేచినపుడు దానిని పట్టుటకు ఇద్దరు ముగ్గురు చాలరు.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. దోనెలు పూర్వమువలె పెద్ద చెట్ల బోదెలను తొలిచి చేసినవి కావు. పలకచెక్కయు, ఫైబర్‌గ్లాసును వాడిరి. దీనిని తప్పుపట్టువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. మాకు తోచినంతలో పరీక్షకు వలసినది కొయ్య కాదు. రూపము, బరువు, గాలికెదురుగా పోగల శక్తి, అన్నిటికంటె ముఖ్యముగా దారి తెలిసిన మనిషి. మొదటి మూడింటిని వారు సమకూర్చుకొనిరి. నాలుగవది హవాయిలో దొరకలేదు. ఆ విద్య తెలిసినవాడు ఆ దీవులలో ఒక్కడును మిగులలేదు.

వెదకగా వెదకగా మైక్రోనీసియాలోని సతవాల్ అను దీవిలో దొరికెను. ఆ దీవి ఒక చదరపు మైలు కూడ లేదు. ఆయన పేరు మౌ పియైలుగ్, 1932లో జన్మించెను. పసివాడుగా నున్నపుడే తాత యీతని నేరి, అలల పోటు తెలియుటకై సముద్రపుటొడ్డున నీటిగుంటలలో పండుకొనబెట్టెడివాడట. తరువాత చాపమీద పగడపు రాళ్ళను గుండ్రముగా పేర్చి, ఏ చుక్క యెచ్చట పొడుచునో, యెచ్చట క్రుంకునో నేర్పెను. మౌ హవాయివాడు కాడు. ఆయన భాష వేరు. తాహితి దారిని ఎన్నడును పోయినవాడు కాడు. పైగా ఈ విద్యను పరులకు చెప్పరాదని వారి కట్టుబాటు. అయినను ఆయన ఒప్పుకొనెను. తన దీవిలోని కుర్రవారు బడులకును, ఉద్యోగములకును పోవుచుండిరి, నేర్చుకొనువారు తగ్గుచుండిరి. దాచియుంచిన విద్య దాచినవానితోనే పోవునని ఆయన భయము.

ఆ విద్యలోని కిటుకు కొంత చెప్పుకొందము. ప్రతి చుక్కయు ఏడాది పొడుగునను తూర్పున ఒకే చోట పొడిచి పడమట ఒకే చోట క్రుంకును. పొడుచుచున్న చుక్క క్షితిజమునకు దగ్గరగా నున్నంతసేపు దిక్కు చూపును. పైకి పోయిన పిదప పనికిరాదు. అంతలో అదే చోట మరియొకటి పొడుచును. ఇట్లు రాత్రి తెల్లవార్లును పదియో పండ్రెండో చుక్కలు ఒకదానివెంట నొకటి దారి చూపును. ఈ వరుసలన్నియు నావికునకు కంఠపాఠముగా నుండవలెను. పగలు ఉదయాస్తమయవేళల సూర్యుడు దిక్కు చెప్పును. మిట్టమధ్యాహ్నమునను, మబ్బు మూసిన రాత్రులందును అలలే గతి. ఇప్పటి గాలికి లేచిన చిన్న అల కాదు. ఎక్కడనో దూరమున నిలుకడగా వీచు గాలికి పుట్టి దినములకొలది ఒకే దిక్కునుండి వచ్చు పొడవాటి అల. అది నావను ఒక ప్రక్కనుండి యెత్తునపుడు ఒక తీరున, ముందునుండి యెత్తునపుడు ఇంకొక తీరున ఊపును. రెండు మూడు దిక్కుల అలలు కలిసి వచ్చినపుడు సయితము మౌ దోనెలో పండుకొని, వీపు క్రింది ఊపును బట్టి వానిని వేరుచేసి చెప్పగలిగెడివాడు.

దిక్కు తెలిసినంత మాత్రమున చాలదు. ఎంత దూరము వచ్చితిమో తెలియవలెను. నావ ముందుదూలము దగ్గర నీటిలో లేచిన బుడగలు వెనుకదూలము వరకు పోవుట కెంతసేపు పట్టునో చూచి వేగమును అంచనా కట్టుదురు. గడియారము లేదు గదా. ఊపిరితోడనో, లోపల లెక్కతోడనో కొలుచుకొందురు. ఆ వేగమును, దిక్కును, గాలి ప్రక్కకు త్రోసిన త్రోపును, ప్రవాహము లాగిన లాగును దినదినము మనస్సులో కూడుకొనుచు పోవలెను. కాగితముమీద వ్రాసికొనరాదు. ఒకనాటి లెక్క మరచినచో ఆ వెనుకటి దినములన్నియు మరచినట్లే. అందువలన దారి చూపువాడు నిద్ర పోడు. కూర్చున్నచోటనే కొంతసేపు కన్ను మూసి, అల మారగానే తెరచును.

1976 మే 1వ తేదీన మౌయి దీవినుండి నావ బయలుదేరెను. దిక్సూచి, గడియారము, పటము ఒడ్డుననే విడిచిరి. వెనుక ఒక తోడు పడవ వచ్చుచు, నావ యెచ్చట నున్నదో తన యంత్రములతో గుర్తించుచుండెను గాని ఆ సంగతి నావలోనివారికి చెప్పలేదు. నావికులు రమారమి పదునైదుగురు. వారితో ఒక కుక్క, ఒక పంది, కోళ్ళు. పూర్వికులు క్రొత్త దీవికి కాపురము పోవునపుడు తీసికొనిపోయిన వానిని తామును తీసికొనిపోదమని. తడి చాపలలో వేళ్ళు చుట్టిన మొక్కలు కూడ నుండెను. ఎండుచేప, ఎండిన అరటిపండ్లు, చిలగడదుంపలు, కొబ్బరికాయలు ఆహారము. గాలము వేసి పట్టిన చేప దొరికిననాడు పండుగ.

బయలుదేరుటకు ముందు మౌ అందరిని కూర్చుండబెట్టి కొన్ని మాటలు చెప్పెను. ఇంటి బెంగలు ఒడ్డున వదలి రండు. సముద్రముమీద తిండియు నీరును కాప్టెను చేతిలోనివి, ఆయన తినుమన్నపుడు తినవలెను, త్రాగుమన్నపుడు త్రాగవలెను. తగవులాడినచో దీవి కనబడదు. ఇంతే ఆ మాటల సారము. కాప్టెను కవికా కపాహులేహువా యను హవాయివాడు.

పదునైదుగురు మనుష్యులు మన పెంకుటింటి వసారాయంతటి పలకలమీద నెలదినములు ఉండవలెనన్న ఎట్లుండునో ఊహించుకొనవలసినదే. నావికులు వంతులు వేసికొందురు. ఒక్కొక్క జట్టునకు నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామము. దోనెల లోపల, గుడ్డకప్పు క్రింద, మనిషి పొడవున బల్లలు కలవు. అందులో దూరి పండుకొనవలెను. పేరునకు విరామమే గాని, అల పైబడినపుడు గుడ్డక్రిందనుండి నీరు చొరబడి పక్క తడియును. తడిసినది ఆరదు, ఉప్పు పట్టిన బట్ట గాలిలోని తేమనే పీల్చుకొనును. చర్మము ఒరిసికొని పుండ్లు పడును. స్నానము బకెట్టుతో తోడిన సముద్రపు నీటను. కాలకృత్యమునకు నడుమునకు త్రాడు కట్టుకొని నావ అంచున దిగవలెను. తోటివాడొకడు ఆ సంగతి తెలిసి యుండవలెను, లేనిచో జారిన మనిషిని ఎవ్వరును చూడరు. మంచినీరు కొలతమీద ఇత్తురు. వాన వచ్చినదన్న అందరును లేచి గుడ్డలు పరచి పట్టుకొందురు; ఆనాడు తలంటు. ఇప్పటి ప్రయాణములలో పెట్టెలో నమర్చిన చిన్న గ్యాసు పొయ్యి కలదు. వేడి అన్నము దొరకును. చలిగాలిలో తడిసి వంతు దిగినవానికి ఆ పొయ్యి యెంత దేవతయో చెప్పనక్కరలేదు.

పనిలేని వేళ కట్టులు పరీక్షింతురు. నావ కదలుచున్నంతకాలము త్రాడు ఒరియుచునే యుండును. రాత్రి చీకటిలో కిర్రుమను చప్పుడు మారినదన్న, పండుకొన్నవాడు సయితము లేచి కూర్చుండును.

భూమధ్యరేఖకు ఉత్తరముగ ఈశాన్యపు వ్యాపార పవనములును, ఆగ్నేయపు పవనములును కలియుచోట గాలి చచ్చిపోవును. దానిని నిర్వాతమండల మందురు. హోకూలేయా అచ్చట దినములకొలది నిలిచిపోయినది. చాపలు వ్రేలాడును, ఎండ మాడ్చును, చుక్కలు మబ్బుచాటున నుండును. మనుష్యుల ఓపిక తరుగుటకు అంతకంటె తగిన చోటు లేదు. ఈ నావ యెవరిది, శాస్త్రజ్ఞులదా, హవాయివారిదా? ఆజ్ఞాపించుట కెవరికి హక్కు? ఒడ్డుననే రగిలిన ఈ ప్రశ్న యిచ్చట మంటయైనది. జట్టులు ఏర్పడినవి, కొందరు పని మానిరి. మౌ మాత్రము వెనుక మూలను కూర్చుండి అలను చూచుచుండెను.

గాలి మరల పుట్టినది. నెల గడచిన తరువాత తెల్లని టర్ను పక్షులు కనబడినవి. ఇవి పగలు వేటకు సముద్రముమీదికి వచ్చి రాత్రికి నేలను చేరునవి. కావున చెంతనెచ్చటనో దీవి కలదు. ఆగ్నేయపు అల కూడ తగ్గినది. ముందున్న పగడపు దీవుల వరుస దాని నడ్డగించుచున్నదని మౌ గ్రహించెను. ఆ దీవులు నీటికి కొబ్బరిచెట్టు ఎత్తుకంటె లేవవు, పది మైళ్ళ అవతలనుండి కనబడవు. అయినను వరుసగా పరచుకొన్నవి గనుక తాహితికి ముందు వలవలె నిలిచినవి. వానిలో మతైవా యనుదానిని చేరి, జూన్ 4వ తేదీన నావ తాహితిలోని పపేటె రేవునకు వచ్చెను. పదునేడు వేలకు పైగా జనము ఒడ్డున నిండిరి. పిల్లలు ఈదుకొనివచ్చి నావ నెక్కగా వెనుకభాగము నీట మునిగినదట. తాతలు తెలిసియే రాగలిగియుందురని ఆనాడు తేలినది.

అయినను ఆనాటి సంతోషము పూర్ణము కాలేదు. దారిలో జరిగిన తగవులకు మౌ మనస్సు విరిగినది. తిరుగు ప్రయాణమునకు రానని టేపుమీద చెప్పి యుంచి, తన దీవికి వెడలిపోయెను. నావ యంత్రముల సాయముతో ఇంటికి వచ్చెను. అనగా నావ సముద్రమునకు మరలినది గాని, విద్య యింకను మరలలేదు.

1978 మార్చి 16న, ఈసారి తోడు పడవ లేకయే, హోకూలేయా మరల బయలుదేరినది. గాలి మిక్కుటముగా నుండెను. కొన్ని గంటలలోనే మొలొకై దీవి దరిని కాలువలో బోర్లపడినది. రాత్రియంతయు నావికులు తలక్రిందైన దోనెలను పట్టుకొని వ్రేలాడిరి. వారిలో ఎడ్డీ ఐకావు అనునతడు అలలమీద స్వారి చేయుటలో పేరుగన్నవాడు. మునుగువారిని రక్షించుట ఆయన వృత్తి. తన పలకమీద ఈదుచు సాయము తెత్తునని ఆయన దీవివైపు వెడలెను. తక్కినవారిని ఆ దినముననే రక్షించిరి. ఐకావు తిరిగి రాలేదు.

నైనోవా థాంప్సన్ అను యువకుడు అప్పటికే చుక్కలు నేర్చుకొనుచుండెను. ఆయన మౌను వెదకి అర్థించెను. మౌ 1979లో మరల హవాయికి వచ్చెను. నేర్పిన తీరు విచిత్రము. ఒకనాడు కొండ కొనను నిలిచి తాహితి యేవైపునని అడిగెను. శిష్యుడు చేయి చాచి చూపెను. ఆ దీవి నీకు కనబడుచున్నదా యని మరల నడిగెను. కంటికి కాదు, మనస్సునకు కనబడుచున్నదని శిష్యుడు చెప్పగా, ఆ రూపము చెదరిననాడు నీవు దారి తప్పితివని గురువు హెచ్చరించెను.

శిష్యుడు తనంతట కనుగొన్నవియు కలవు. దక్షిణమున సిలువవలె నుండు నాలుగు చుక్కలను మనవారు త్రిశంకు వందురు. అది నిలువుగా నిలిచినపుడు పై చుక్కకును క్రింది చుక్కకును నడిమి ఎడము ఆరు డిగ్రీలు. క్రింది చుక్కకును సముద్రపు గీతకును నడిమి ఎడము కూడ అంతే యైనచో నావ హవాయి అక్షాంశమునకు వచ్చినట్లు. చేయి చాచి వ్రేళ్ళతోనే కొలువవచ్చును. మన విజయవాడనుండి చూచినచో క్రింది ఎడము పై దానికి ఒకటిన్నర రెట్లకంటె ఎక్కువ. మే నెల చివర రాత్రి ఎనిమిది గంటలకు, దక్షిణమున చెట్లు అడ్డములేనివారు తామే కొలిచి చూడవచ్చును.

1980లో నైనోవా తాహితికి దారి చూపెను. మౌ నావలో నుండియు నోరు మెదపక కూర్చుండెను. నెల కావచ్చినపుడు ఒకనాటి ఉదయమున ఒక పక్షి యెగిరిపోవుచు కనబడినది. ఉదయమున పక్షి దీవినుండి వేటకు పోవును; కావున దీవి దాని వెనుక నుండవలెనని లెక్కించి నైనోవా నావను వెనుకకు త్రిప్పించెను. గంట గడచినను నేల కనబడలేదు. అప్పుడు మౌ మొదటిసారి నోరు విప్పి, నావ త్రిప్పి ఆ పక్షి పోయిన దిక్కునకే పొండనెను. దీవి కనబడినది. పక్షి ముక్కున చేప యున్నది; అది పిల్లలను పెంచు కాలము; గూటికి మేత కొనిపోవుచున్నది. ఆ చేపను మౌ యొక్కడే చూచెను. ఈ కథను నైనోవాయే తన పొరపాటుగా పలుమారు చెప్పుచుండును.

తిరుగు ప్రయాణమును కూడ యంత్రములు లేకయే ఆయన నడపెను. 2007లో హవాయివారు ఒక జంటనావను కట్టి, సతవాల్ దీవికి తెచ్చి మౌకు ఇచ్చిరి. ఆ సందర్భమున మౌ తమ కులాచారము చొప్పున ఐదుగురు హవాయివారిని గురుపదవికి చేర్చుకొనెను. వారితోపాటు తన కుమారుని కూడ. 2010 జూలై 12న ఆయన స్వర్గస్థుడయ్యెను.

2014లో హోకూలేయా భూప్రదక్షిణమునకు బయలుదేరినది. హిందూ మహాసముద్రమును మారిషసు మీదుగా దాటినది గాని మన రేవులకు రాలేదు. దారి చూపు వంతులలో కుర్రవారు, యువతులు ఎందరో కూర్చుండిరి. 2017 జూన్ 17న హొనొలులు రేవును చేరినది. ఆ చివరి రాత్రులలో, ప్రొద్దు గ్రుంకిన గంటకు, దక్షిణమున త్రిశంకువును నడినెత్తిన స్వాతియు, ఆదిలాబాదులో కనబడు చోటనే ఇంచుమించుగా కనబడుచుండెను.